శారదాంబ గారి నలభై గుర్రాలు

శారదాంబ గారు కారు కొంటానని చెప్పిన రోజు స్టాఫ్ రూములో ఎవరూ నవ్వలేదు. ఆమె తమాషాలాడే మనిషి కాదు. షాలిబండ దగ్గరి మా ఆడపిల్లల బడిలో ఆమె ఫిజిక్సు చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్లు. ఊరు బాపట్ల. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఉద్యోగం మీద వచ్చి, లాల్‌దర్వాజాలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పేది.

ఇంటి నుంచి బడికి నడిచి పది నిమిషాలు. అందుకే కారు ఎందుకన్నది మాకు అర్థం కాలేదు. పైగా ఆమె మనసు పడ్డది మామూలు కారు మీద కాదు. బహదూర్‌పురాలో పాత కార్లు అమ్మే రామ్‌చందర్ దగ్గర ఒక ఎర్ర బండి ఉంది. రెండే తలుపులు, కప్పు వెనక్కి జారినట్టుగా ఉంటుంది, కూర్చుంటే నేల చేతికి తగిలేంత కిందికి ఉంటుంది. ఎవరో ఇటలీ ఇంజనీరు ఇక్కడి ఫ్యాక్టరీ పని మీద వచ్చినప్పుడు తెచ్చుకున్నాడట. వెళ్లిపోతూ అమ్మేశాడు. ఆ తరవాత నాలుగు చేతులు మారింది. అది డెబ్బై నాలుగో సంవత్సరం. పెట్రోలు ధర చూస్తుండగానే రెట్టింపయింది. సరదా బండ్లు కొనేవాళ్లు లేక రామ్‌చందర్ దాన్ని పదకొండు వేల అయిదు వందలకు ఇస్తానంటున్నాడు. కొత్త అంబాసిడర్ ధరలో సగం కూడా కాదు.

శారదాంబ గారికి జీతాల సవరణ బకాయిలు వచ్చాయి. లైసెన్సు ఎప్పుడో ఉంది. ముప్పై ఎనిమిదో ఏట ఆబిడ్స్‌లో డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకుందన్న సంగతి ఆ రోజే మాకు తెలిసింది.

“ఇద్దరు పట్టే కారు ఏం చేసుకుంటారండీ?” అని నేనే అడిగాను.

“నేనొక్కదాన్నే కదండీ. ఒక సీటు ఎక్కువే ఉంది” అంది.

తరవాత మరో మాట చెప్పింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు హార్స్ పవర్ పాఠం చెబుతోందట. ఒక గుర్రం బలమంటే ఎంతో బోర్డు మీద ఏటా రాస్తోందట. ఆ బలం తన చేతికిందికి వస్తే ఎట్లా ఉంటుందో మాత్రం ఇంతవరకూ తెలియదట. అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం మా పదో తరగతి పిల్లల ముఖంలాగే ఉంది.

బండి చూసి రావడానికి ఆమె ఎల్లప్పను తీసుకుపోయింది. ఎల్లప్ప లాల్‌దర్వాజా మనిషే. ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆదివారాలు ఇంటి ముందర తెలిసినవాళ్ల బండ్లు బాగు చేసేవాడు. అతని ఇద్దరు కూతుళ్లూ మా బడిలోనే చదివారు. తోడుగా సక్కుబాయి వెళ్లింది, నేను వెళ్లాను. సక్కుబాయి మా సైన్సు లాబులో అటెండరు. బీకర్లు కడగడం, తరాజులు తుడవడం, స్టాప్‌వాచీకి కీ ఇవ్వడం ఆమె పని. అక్షరాలు అంతగా రావు కానీ అంకెలు మాత్రం ఎంత దూరం నుంచైనా చదివేది.

రామ్‌చందర్ బండిని గుడ్డతో తుడిచి ఎండలో నిలబెట్టాడు. డెబ్బై అయిదు గుర్రాల ఇంజనన్నాడు. గంటకు ఎనభై మైళ్లన్నాడు. ఈ ఊళ్లో ఇలాంటిది ఇంకోటి లేదన్నాడు. చివరి మాట మాత్రం నిజమే. ఎల్లప్ప బానెట్ ఎత్తి చూశాడు. పైన గాలి వడకట్టే పెద్ద డబ్బా ఒకటి తళతళలాడుతూ బిగించి ఉంది. దాని కింద అంతా నల్లరంగు కొట్టి ఉంది. స్టార్టు చేయించి, కళ్లు మూసుకుని విన్నాడు.

“చప్పుడైతే సాఫ్ గున్నది టీచరమ్మా. గని కొనకుర్రి. నేను బస్సులోన్ని, గీ ఇటలీ సంగతి నాకేమెర్క. రేపు చిన్న వాషర్ పోయినా బొంబాయికి జాబు రాయాలె. మస్తు పరేషాన్ అయితది” అన్నాడు.

ఆమె సరేనంది. కానీ రామ్‌చందర్‌ను ఒక్కటడిగింది. డెబ్బై అయిదు గుర్రాలున్నాయో లేదో తాను చూసుకోవచ్చా అని. ఎట్లా చూస్తారని రామ్‌చందర్ అడిగాడు. వచ్చే ఆదివారం పొద్దున బండి ఇస్తే చాలు, మీరూ వెంట రండి అంది. బేరం పోతుందేమోనని అతను ఒప్పుకున్నాడు.

లెక్క ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. నాకు అర్థమైనంత చెబుతాను. ఇంత బరువును ఇంత ఎత్తుకు ఇన్ని సెకన్లలో చేరిస్తే ఎన్ని గుర్రాలు పని చేసినట్టో పాఠంలోనే ఉంది. కాబట్టి కావలసినవి మూడు: బరువు, ఎత్తు, సమయం. ఎత్తుకు ఫలక్‌నుమా గుట్ట రోడ్డు ఉంది. ఆ రోడ్డు కింది నుంచి పైకి ఎంత లేస్తుందో కొలవడానికి ఆమె తాపీ మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే నీళ్ల గొట్టం తెప్పించింది. శనివారం మధ్యాహ్నం ఒంటిపూట బడి అయ్యాక ఒక కొస ఆమె, రెండో కొస సక్కుబాయి పట్టుకుని, మెట్టు మెట్టుగా రోడ్డు పొడుగునా కొలుచుకుంటూ పోయారు. నేను కాగితం మీద రాశాను.

ఎవరో రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చారన్న మాట క్షణాల్లో పాకిపోయింది. మలుపులో చాయ్ హోటలు నడిపే పెద్దాయన పరుగున వచ్చి మా ముగ్గురికీ చాయ్‌లు ఇప్పించాడు. తన హోటలు పోకుండా గీత కొంచెం అవతలికి గీయమన్నాడు. మేం మునిసిపాలిటీ వాళ్లం కాదని, కారు కొనడానికి కొలుస్తున్నామని శారదాంబ గారు ఉర్దూలో ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతా విని, తలూపి, “ఫిర్ భీ, ఆపా, జర దేఖ్‌నా” అన్నాడు, అయినా సరే కాస్త చూడమన్నట్టు. మొత్తానికి ఎత్తు అరవై ఆరు అడుగులు తేలింది.

ఆదివారం పొద్దున్నే బండిని పురానాపూల్ దగ్గర ధర్మకాంటకు తీసుకుపోయాం. కట్టెల లారీలు తూచే చోటు. ఆ తూకం మీద ఎర్ర బండి అగ్గిపెట్టెలా కనిపించింది. శారదాంబ గారు, సక్కుబాయి ముందు కూర్చున్నారు. వెనక సీటనేది ఒకటుంది గానీ అందులో సగం మనిషే పడుతుంది. నేను పక్కకు తిరిగి, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. కాంటా గుమాస్తా చీటీలో సరుకు అన్న చోట ‘లాల్ గాడి, తీన్ ఔరతాఁ’, అంటే ఎర్ర బండి, ముగ్గురు ఆడవాళ్లు అని రాశాడు. ఒట్టి బండిని కూడా తూచి తేడా తీస్తానన్నాడు. అక్కర్లేదని నేను గట్టిగా చెప్పాను.

రామ్‌చందర్ స్కూటరు మీద వెంట వచ్చాడు. ఫలక్‌నుమా రోడ్డు ఖాళీగా ఉంది. కింద సున్నంతో గీసిన గీత దాటగానే సక్కుబాయి స్టాప్‌వాచీ నొక్కింది. శారదాంబ గారు కాలు అదిమింది. ఆ బండి మోతకు నేను ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాను. పైగీత దాటి ఆగేసరికి సక్కుబాయి కొంగు గాలికి లేచి నా ముఖాన పడి ఉంది. ముగ్గురమూ నవ్వుతున్నాం. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అలా ఎనిమిది సార్లు ఎక్కించాం. నాలుగోసారి నుంచి హోటలు పెద్దాయన కుర్చీ బయట వేసుకుని చూశాడు.

ఇంటికి వచ్చి ఆమె లెక్క వేసింది. మళ్లీ వేసింది. గాలికి పోయేది, చక్రాలకు పోయేది, గేర్లు తినేది అన్నీ ఉదారంగా కలిపినా నలభై దగ్గర ఆగిపోయింది. డెబ్బై అయిదుకు ఎంత లాగినా పోలేదు. తన లెక్కే తప్పని ఆమె అనుకుంది. రెండు రోజులు క్లాసులో కూడా దిగులుగా ఉంది. మూడో రోజు సాయంత్రం ఎల్లప్ప ఇంటికి పోయి కాగితం చూపించింది. ఎల్లప్పకు ఆ అంకెలు తెలియకపోయినా, సగం బలం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న తెలిసింది. మర్నాడు డిపో నుంచి తిన్నగా బహదూర్‌పురా పోయాడు. తళతళలాడే డబ్బా విప్పించి, బండి కిందికి దూరి, ఇంజను పక్కన నల్లరంగును కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. నంబరు బయటపడింది. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న నంబరు అది కాదు.

ఆ రాత్రే వచ్చి చెప్పాడు. “మీ లెక్క సహీ టీచరమ్మా. అసలు ఇంజను ఎవడో ఎప్పుడో తీసి అమ్ముకున్నడు. గిది మన దేశంల తయారయ్యే చిన్న కారుది. నలభై గుర్రాలే. గా డబ్బా జూసి నేనే మోసపోయిన.”

శారదాంబ గారు కుర్చీలోంచి లేచి నిలబడింది. మోసం బయటపడిందన్న కోపం కాదు ఆమెది. లెక్క కుదిరిందన్న సంతోషం. ఎల్లప్ప ఆమె ముఖం చూసి అసలు మాట చెప్పాడు.

“ఇప్పుడైతే కొనుండ్రి. బాడీ ఇటలీది, గట్టిగున్నది, తుప్పు లేదు. ఇంజను మనది. సామానంతా అఫ్జల్‌గంజ్‌ల దొరుకుతది. ఏం ఫికర్ లేదు. నేను చూసుకుంట.”

వారం కింద వద్దన్నవాడే కొనమంటున్నాడు. నాకు విచిత్రంగా తోచింది కానీ, ఆలోచిస్తే అతని మాట సబబే. సగం బలం పోయినందుకే ఆ బండి మాలాంటివాళ్లు పోషించగలిగేది అయింది.

రామ్‌చందర్‌కు ఇంజను సంగతి నిజంగా తెలియదు. తనకు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాడు. శారదాంబ గారు బేరం చేయలేదు, లెక్క చెప్పింది. డెబ్బై అయిదు గుర్రాలకు పదకొండు వేల అయిదు వందలు అడిగారు, నలభైకి ఆరు వేల నూట ముప్పై మూడు అవుతుంది అంది. రామ్‌చందర్ చాలాసేపు నవ్వాడు. తలుపులు, కప్పు, దీపాలు సగం కాలేదు కదా మేడం అన్నాడు. ఆ మాటా న్యాయమేనని ఆమె ఒప్పుకుంది. ఏడు వేలకు తెగింది. ఇంజను నంబరు పుస్తకంలో సరిగ్గా ఎక్కించి ఇచ్చే పూచీ అతనిది.

ఆ తరవాత రెండేళ్లు ఆదివారం వస్తే ఆ బండి గండిపేట చెరువుకో షామీర్‌పేటకో పోయేది. ముందు సీటులో సక్కుబాయి ఎప్పుడూ ఉండేది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది, కొడుకు ప్రెస్సులో పని చేసుకుంటున్నాడు. ఆదివారాలు ఆమెకూ ఖాళీయే. నేను వారం విడిచి వారం మోకాళ్లు ముడుచుకునేదాన్ని. గాలనుకు ఎన్ని మైళ్లు ఇస్తోందో శారదాంబ గారు ప్రతిసారీ రాసేది. స్కూటరు మీద పోయేవాళ్లు దాటిపోతే సక్కుబాయికి చిన్నతనంగా ఉండేది. శారదాంబ గారు మాత్రం దాటిపోనిచ్చేది.

డెబ్బై ఏడు జనవరిలో సికింద్రాబాదులో ఒక మోటారు క్లబ్బువాళ్లు ఆడవాళ్లకు కారు పోటీ పెట్టారు. పరేడ్ గ్రౌండ్స్ నుంచి వికారాబాద్ అనంతగిరి గుట్ట దాకా. వేగానికి బహుమతి కాదు. దారంతా గంటకు నలభై కిలోమీటర్ల లెక్కన పోవాలి. మధ్యలో ఎక్కడెక్కడో తనిఖీ మనుషులు రహస్యంగా కూర్చుని సమయం రాసుకుంటారు. ఒక నిమిషం ఆలస్యమైతే ఒక మార్కు పోతుంది. ఒక నిమిషం ముందొస్తే రెండు పోతాయి. ఒకరు నడపాలి, ఒకరు గడియారం చూడాలి. పేపర్లో అది చదివి శారదాంబ గారు ఆ రోజే డబ్బు కట్టి వచ్చింది.

పోటీకి ఇరవై మూడు కార్లు వచ్చాయి. చాలావరకు బంజారాహిల్స్ నుంచి, పొడుగాటి విదేశీ బండ్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆడవాళ్లు. మా బండి వాటి మధ్య బొమ్మలా ఉంది. సక్కుబాయి బడికి కట్టుకొచ్చే తెల్లచీరే కట్టుకుని, స్టాప్‌వాచీ మెడలో వేసుకుని కూర్చుంది. నేనూ ఎల్లప్పా క్లబ్బువాళ్ల వ్యానులో ముందే అనంతగిరి చేరుకున్నాం. దారిలో జరిగింది వాళ్లిద్దరూ తరవాత చెప్పిందే. ఇద్దరి కథలూ ఒక్కచోట తప్ప అంతటా కలిశాయి.

మొయినాబాద్ దాటాక గేదెల మంద రోడ్డుకు అడ్డంగా పడింది. నాలుగు నిమిషాలు పోయాయి. చేవెళ్ల దగ్గర శారదాంబ గారు మనసులో లెక్క వేసింది. తన ఇంజను బలమెంతో ఆమెకు అణువణువూ తెలుసు. గుట్ట ఎక్కేటప్పుడు నలభై కిలోమీటర్ల వేగం దానికి రాదు. అక్కడ మరో రెండు నిమిషాలు పోతాయి. కాబట్టి గుట్ట మొదలయ్యేలోగా పోయిన నాలుగూ రాబట్టి, ఇంకో రెండు నిమిషాలు ముందుండాలి. అట్లా అనుకుని మైదానం మీద బండిని ఉరికించింది. సక్కుబాయి నిమిషాలు చదువుతూ పోయింది. గుట్ట దగ్గర పడుతుండగా సరిగ్గా రెండు నిమిషాలు ముందున్నారు.

అప్పుడు సక్కుబాయి బండి ఆపమంది. ముందర చింతచెట్టు కింద ఒక మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. అతను తనిఖీ మనిషని ఆమె. మేకలవాడని శారదాంబ గారు. ఆపితే గుట్ట మీద లెక్క చెడుతుందని ఆపలేదు.

గుట్ట ఎక్కడం అంత తేలిక కాలేదు. రెండో గేరులో, వేడి ముల్లు ఎర్రగీత మీద, బండి మూలుగుతూ వచ్చింది. పై మలుపులో అది కనబడగానే ఎల్లప్ప నీళ్ల డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. గమ్యం గీత దగ్గర నలభై సెకన్లు ఆలస్యం. నిమిషంగా లెక్కగట్టి ఒక మార్కు తీసేశారు. పెద్ద బండ్లన్నీ అప్పటికే వచ్చి చాలాసేపయింది. ఒకావిడ తొమ్మిది నిమిషాలు ముందు చేరి, మొదటి బహుమతి తనదేనని కాఫీ తాగుతూ కూర్చుంది.

సాయంత్రం ఫలితాలు చదివారు. శారదాంబ, సక్కుబాయి రెండో స్థానం. మొదటి స్థానానికీ వాళ్లకూ తేడా రెండు మార్కులు. చింతచెట్టు కింద ఉన్నది తనిఖీ మనిషే. రెండు నిమిషాలు ముందున్నందుకు నాలుగు మార్కులు కొట్టేశాడు.

శారదాంబ గారు సక్కుబాయి వైపు తిరిగి, ఎలా కనిపెట్టావని అడిగింది.

“మేకలోడైతే మేకలుండాలె కదమ్మా” అంది సక్కుబాయి. “బడికి ఇన్‌స్పెక్టర్లు రావట్టి ఇరవై ఏండ్లాయె. నోటుబుక్కు దాసుకొని కూసున్నోడు ఎట్ల కూసుంటడో నాకెర్కలేదా.”

ఎల్లప్ప నవ్వాపుకోలేక అవతలికి పోయాడు. శారదాంబ గారు రెండు చేతులూ జోడించి, తప్పు నాదే అంది. బహుమతిగా వచ్చిన ప్రెషర్ కుక్కర్ సక్కుబాయికే ఇచ్చింది. సక్కుబాయి అది తీసుకుంది గానీ ఇంకోటి కూడా అడిగింది.

“వచ్చే యేడు నేను నడుపుత. గడియారం నువ్వు చూడమ్మా.”

ఆమె సరదాకు అనలేదని మర్నాడే తెలిసింది. బడి వదలగానే తాళంచెవి కోసం వచ్చి నిలబడింది. అప్పటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. బహదూర్‌పురా అవతల ఖాళీ మైదానంలో ఆరు నెలలు నేర్చుకుంది. శారదాంబ గారు క్లచ్చి ఎలా పని చేస్తుందో ముందు బొమ్మ గీసి చెప్పబోయింది. సక్కుబాయి బొమ్మ వద్దని, కాలితోనే తెలుసుకుంటానంది. తిరిగి వస్తూ సందులో రెండుసార్లు పుచ్చకాయల బండిని తప్పించబోయి గోడకు రాసింది. ఎల్లప్ప గీతలకు రంగు వేశాడు. లైసెన్సు పరీక్షలో అధికారి బండిని వెనక్కి నడపమన్నాడట. లాల్‌దర్వాజా సందుల్లో బండి తిప్పే చోటు లేక రోజూ చేసింది అదే కాబట్టి, ఆమె ఎక్కడా ఆగకుండా గేటు దాకా వెనక్కి నడిపి చూపించింది.

మరుసటి ఏటి పోటీలో ఆమె నడిపింది. ఈసారి ఆరో స్థానం వచ్చింది. చెట్టు కింద ఎవరు కూర్చుని కనబడ్డా ఇన్‌స్పెక్టరేనని నెమ్మది చేసింది. ఆ దారిలో చెట్లు ఎక్కువ, కూర్చునేవాళ్లూ ఎక్కువే. తిరుగుదారిలో ఇద్దరూ దాని మీద పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు.

ఎనభై మూడులో సర్కారు ఉద్యోగుల రిటైర్‌మెంట్ వయసు యాభై అయిదుకు దించినప్పుడు శారదాంబ గారు, నేను ఒకేరోజు ఉద్యోగం నుంచి దిగిపోయాం. ఆ రోజు పిల్లలు చాలామంది ఏడ్చారు. దండలు వేశారు. గేటు బయట ఎర్ర బండి ఆగి ఉంది. అటెండర్లకు ఆ నిబంధన వర్తించలేదు. సక్కుబాయికి ఇంకా సర్వీసు ఉంది. ఆమె సగం రోజు సెలవు పెట్టి, స్టీరింగు ముందు కూర్చుంది. శారదాంబ గారు ఆమె పక్కన కూర్చుంది. నేను దండలన్నీ ఒళ్లో పెట్టుకుని వెనక మోకాళ్లు ముడుచుకున్నాను.

సందు మలుపులో సక్కుబాయి బండిని ఇంటి వైపు తిప్పలేదు.

“ఎక్కడికే?” అంది శారదాంబ గారు.

“గండిపేట. ఇంటికి పోయి ఏం చేస్తవమ్మా గింత పొద్దుండంగ” అని సక్కుబాయి గేరు మార్చింది.